శ్రీకాకుళం పిన్‌కోడ్‌తో నా కుస్తీ

532001. కవర్ల మీదా, దరఖాస్తుల మీదా ఎన్నేళ్లుగానో రాస్తున్నాను గానీ దాన్ని ఒక సంఖ్యగా ఎప్పుడూ చూడలేదు. పదో తరగతి చదివే మేనకోడలు కారణాంకాల లెక్కలు చేసుకుంటూ, "మావయ్యా, మన పిన్‌కోడ్‌ దేనితో పోతుంది?" అని అడిగింది. ఫోన్‌లో కొడితే క్షణంలో తేలిపోయేది. నాకే చేత్తో చెయ్యాలనిపించింది.

మొదట్లో తేలికే. చివర 1 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 11, కాబట్టి 3 పోదు. 532000 ఏడుతోనూ పందొమ్మిదితోనూ పోతుంది, అంటే మన సంఖ్యకి రెండుచోట్లా 1 మిగులుతుంది. ఎక్కడ ఆపాలి? 729 వర్గం 531441, 730 వర్గం 532900. కారణాంకాలంటూ ఉంటే రెండింట్లో ఒకటి 729 లోపే దొరకాలి. అయితే ఆ లోపు ప్రధాన సంఖ్యలే 129 ఉన్నాయి! రాత్రి భోజనాలయ్యాక కొన్ని కొన్నిగా భాగించుకుంటూ పోయాను. 461 దగ్గర శేషం 7, మళ్లీ 577 దగ్గరా 7. అంత దగ్గరగా వచ్చి తప్పిపోతుంటే టెన్షనే. చివరిదైన 727 కూడా 564 మిగిల్చింది. మనది ప్రధాన సంఖ్యే.

అక్కడితో వదిలెయ్యొచ్చు. కానీ నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తం అవుతుందని, అదీ ఒకే ఒక్క విధంగా అవుతుందని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో తోటి గణితజ్ఞుడు మెర్సెన్‌కి ఉత్తరం రాశాడు. నిరూపించింది మాత్రం తర్వాతి శతాబ్దంలో ఆయిలర్. 532001కి మిగిలేది 1 కదా, మరి ఆ రెండు వర్గాలు ఏవి?

వర్గాల చివర 0, 1, 4, 5, 6, 9 తప్ప రావు. రెండు కలిసి చివర 1 రావాలంటే 0, 1 అయినా కావాలి, 5, 6 అయినా కావాలి. అంటే ఒకటి ఐదు గుణిజం. దాని వర్గం చివర 00 గానీ 25 గానీ ఉంటుంది. కాబట్టి రెండోదాని వర్గం చివర 01 గానీ 76 గానీ ఉండాలి. అలాంటివి 25 గుణిజాలకి ఒకటి అటూ ఇటూ మాత్రమే ఉంటాయి: 24, 26, 49, 51... ఒక్కొక్కటే తీసేస్తూ 376 దాకా వచ్చాను. వర్గం 141376. తీసేస్తే 390625. అది 625 వర్గం!

532001 = 625² + 376².

ఇక్కడ నిజంగానే లేచి నిలబడ్డాను. మూడంకెల సంఖ్యల్లో తమ వర్గం చివర మళ్లీ తామే కనిపించేవి ఈ రెండే. రెండూ కలిపితే 1001. మన పిన్‌కోడ్ చివర 001 ఉన్నది అందుకే సరిపోయింది. 1972లో పిన్‌కోడ్‌లు తెచ్చిన తపాలా శాఖకి ఈ గొడవేమీ పట్టి ఉండదు.

విజయనగరంలో ఉండే చిన్నాన్నకి ఫోన్‌లో చెబితే, "మాదీ చూడరా" అన్నారు. 535001 పాపం 47 దగ్గరే విడిపోయింది: 47 × 11383. పక్కనున్న 535002 మాత్రం పందొమ్మిదిని మూడుసార్లు మింగి కూచుంది: 78 × 19 × 19 × 19.