అత్తగారి ఊరి నల్లా నీళ్లు

తెలుగు మాట్లాడే ఊరికే కదా వెళ్తున్నాను, సర్దుకోవడానికి ఏముంటుంది అనుకున్నాను. మాది మలేషియా, పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అక్కడి కొబ్బరి తోటల్లో పనికి కుదిరాడు. ఇన్ని తరాలైనా మా ఇంట్లో తెలుగే. చదవడం, రాయడం ఆదివారం క్లాసుల్లో నేర్చుకున్నాను. మా ఆయనది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం, ఉద్యోగం కౌలాలంపూర్‌లో. పెళ్లి అక్కడే జరిగింది. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ రాలేకపోయారు. అందుకే మే నెల ఎండలని తెలిసీ సెలవు దొరకగానే బయల్దేరాం.

విమానంలో నాలుగు గంటలు. శంషాబాద్‌లో దిగాక మా ఆయన ఇండియన్ల లైన్లోకి వెళ్లారు, నేను ఈ-వీసా కాగితం పట్టుకుని విదేశీయుల లైన్లో నిలబడ్డాను. ఎదురుగా తెలుగు అక్షరాల బోర్డులు. అక్కడ కాసేపు మనసు చివుక్కుమంది. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటి ఊరు చేరేసరికి అర్ధరాత్రయింది.

మలేషియా గడియారం ఇక్కడికన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. నాకు అలవాటైన ఆరున్నర ఇక్కడ నాలుగు. మెలకువ వచ్చి బయటికి వస్తే అత్తమ్మ అప్పటికే వాకిలి ఊడుస్తున్నారు. "అత్తమ్మా" అని పిలిచాను. ఆమె మెడ తిప్పలేదు. చీపురు పట్టుకునే మనిషి మొత్తం నా వైపు తిరిగారు. "గింత పొద్దుగాల లేసినవేంది బిడ్డా, కొత్త జాగల నిద్ర పడ్తలేదా?" అన్నారు. మేం కళ్లాపి అనేదాన్ని ఆమె సాన్పి అంటారు. ఆ రోజు సాన్పి నేను చల్లాను. నిద్ర సరిపడక మూడు రోజులు అదే వేళకు లేచాను. నాలుగో రోజు నుంచి కావాలనే లేచాను, ఆ గంట మా ఇద్దరిదే కాబట్టి.

ఎండ సంగతి చెప్పాలి. మా దగ్గర ఏడాదంతా ఉక్కపోత, చెమట ధారగా కారుతుంది. ఇక్కడ 44 డిగ్రీల ఎండలో చెమటే కనిపించదు, పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. రెండో రోజుకే పెదాలు పగిలాయి, తల తిరిగింది. దాహం కాకపోయినా గంటకోసారి తాగాలని మా యారాలు మజ్జిగలో ఉప్పేసి చెంబుతో చేతికిచ్చేది. యారాలంటే తోడికోడలని నాకు అప్పుడే తెలిసింది.

మాటలు ఇలా చాలా తడుముకున్నాను. ఉల్లిపాయ అంటే ఉల్లిగడ్డ, వెల్లుల్లి అంటే ఎల్లిగడ్డ, కుళాయి అంటే నల్లా. కానీ ఒకరోజు అత్తమ్మ "ఆనిగెపుకాయ కోస్తవా?" అని సొరకాయ చేతిలో పెట్టారు. మా నాయనమ్మ ఆనపకాయ అనేది. సముద్రం దాటొచ్చిన ఆ మాట ఇంకో రూపంలో ఇక్కడ వినిపించేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మ కంగారుపడి ఉల్లిగడ్డల గంప పక్కకు జరిపారు!

ఆ వారంలోనే గిన్నెలు తోముతూ నల్లా ధారగా వదిలేశాను. అత్తమ్మ ఏమీ అనలేదు. కుంటుకుంటూ వచ్చి ధార కింద బిందె పెట్టారు. అది నిండేదాకా పక్కనే కూర్చుని, అంచున తడిసిన మట్టిని కొంగుతో తుడిచి, మెల్లగా చెప్పుకొచ్చారు. మా ఆయన చిన్నప్పుడు వీళ్లంతా బోరింగు నీళ్లే తాగారు. ఇక్కడి నేల కింద రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ నీళ్లలో కలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ చుట్టుపక్కల చాలా బోర్లలో అంతకు మించే ఉండేది. "తేటగ, మంచిగనే ఉండేటియి బిడ్డా. ఇషమని ఎవలికెర్క?" అన్నారు అత్తమ్మ. ఆమె మెడ ఎందుకు తిరగదో, మోకాళ్లు ఎందుకు వంగవో అప్పుడు అర్థమైంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ దాన్ని తయారు చేసింది. ఒక జిల్లా పేరు లోకానికి ఇలా తెలియడం నాకు బాధగా ఉంది. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణ నీళ్లు ఇంటి నల్లాకు వచ్చాక బోరింగు వైపు ఎవరూ పోవడం లేదని మామయ్య చెప్పారు.

మా ఆయన నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పెళ్లి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ పళ్లు కనిపించవు. మొదట్లో సిగ్గనుకున్నాను. పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. చిన్నతనంలో, చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల వచ్చేవి అవి, తోమితే పోవు. అది ఆయన ఒక్కరి సంగతనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

వెళ్లిపోయే ముందు రోజు సాయంత్రం చిన్ననాటి దోస్తులు ఐదుగురు వచ్చారు. వాకిట్లో వేపచెట్టు కింద మంచాలు వేసుకుని, తాటిముంజలు తింటూ, బడి ఎగ్గొట్టిన రోజులు తవ్వుకున్నారు. నేను ముంజల గిన్నె పట్టుకుని గడపలో నిలబడిపోయాను. ఆరుగురూ నవ్వుతున్నారు. ఆరుగురి పళ్ల మీదా అవే చారలు. మా ఆయన తల వెనక్కి వాల్చి, రెండు చేతులూ మంచం మీద ఆనించి నవ్వుతున్నారు. ఆ చెయ్యి నోటి దగ్గరికి పోలేదు. వాళ్ల మధ్యలో దూరిన యారాలి కూతురు, ఏడేళ్ల పిల్ల, ఏం అర్థమైందో గానీ అందరికన్నా గట్టిగా నవ్వుతోంది. దానికి ముందు పళ్లు రెండు కొత్తగా వచ్చాయి, తెల్లగా, మరక లేకుండా.

గిన్నె కింద పెట్టి ఫోన్ తీశాను. అత్తమ్మ నా భుజం పట్టుకుని, మనిషి మొత్తం వాళ్ల వైపు తిరిగి, "తియ్యి బిడ్డా, మల్ల తియ్యి" అన్నారు.