తమ్ముడు డిశ్చార్జ్ అయ్యాక – నా అనుభవం

తమ్ముడు ఆసుపత్రి మానసిక వార్డు నుంచి ఇంటికొచ్చి నిన్నటికి 24 రోజులు. నిన్న రెండో రివ్యూ కూడా అయింది, డాక్టరు అవే మాత్రలు వాడమన్నారు. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది, అందుకే రాస్తున్నాను. రాయమన్నది వాడే.

చేర్చడం కష్టం కాలేదు. సంతకాలు, ఆధార్, అడ్వాన్సు, అంతే. 19 రోజులు లోపల ఉన్నాడు, నిద్ర పట్టింది, అన్నం సయించింది.

నరకం చూపించింది డిశ్చార్జ్ రోజే. శనివారం మధ్యాహ్నం బిల్లు కట్టాక కౌంటర్లో ఓ కవరు చేతిలో పెట్టారు. అందులో సమ్మరీ, నెల రోజుల మాత్రలు ఒకేసారి. రివ్యూ నెల తర్వాతట. మానసిక వార్డు నుంచి బయటికొచ్చాక మొదటి వారం, తర్వాతి మూడు నెలలు ఆత్మహత్య ప్రమాదం చాలా ఎక్కువని నేను అప్పటికే చదివి ఉన్నాను. లోపల రాత్రీ పగలూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. ఇంటికొస్తే అదే గది, అవే అప్పులు. అందుకే వారంలోపు డేట్ ఇవ్వమన్నాను.

కౌంటర్లో మనిషి తలెత్తకుండా "బాగయ్యాడనేగా పంపిస్తోంది, మీకెందుకమ్మా టెన్షన్?" అన్నాడు. మళ్ళీ అడిగాను. వెనక గదిలోకి కేకేశాడు: "ఆ సూసైడ్ కేసు వాళ్ళకి డేట్ కావాలంట!"

లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. చేతికి ఆసుపత్రి పట్టీ ఇంకా అలాగే ఉంది. దాని అంచు గోటితో గీకుతూ "పోదాం అక్కా" అన్నాడు. ఆ గొంతు వినగానే, 19 రోజులుగా కూడబెట్టుకున్నదంతా ఒక్క కేకతో పోయిందనిపించింది.

నేను కదల్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం, ఇంటికి పంపేటప్పుడు ముందు ముందు వైద్యం ఎలాగో పేషెంటుతోనూ ఇంటివాళ్ళతోనూ మాట్లాడాలి. అదే చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలని, శిక్షించకూడదని చెబుతోంది. అలాంటి మనిషిని నలుగురిలో కేసు అని అరవడమేంటి? రెండు గంటలు అక్కడే నిలబడ్డాను. డాక్టరు రౌండ్స్ నుంచి దిగి, ఐదు నిమిషాల్లో గురువారానికి రమ్మన్నారు, మాత్రలు వారానికి సరిపడానే ఇమ్మని రాశారు. మీరూ కదలకండి. డేట్ చేతికొచ్చేదాకా గేటు దాటొద్దు.

మాది పల్నాడు, మిరప రైతులం. మా ఊళ్ళో మందు అంటే పురుగుమందే. వాడు రాకముందే నాన్న పాకలో ఉన్న డబ్బాలన్నీ బాబాయి వాళ్ళ కొట్లో పెట్టించి తాళం వేయించారు. తాళంచెవి బాబాయి దగ్గరే ఉంటుంది. మాత్రల డబ్బా నా దగ్గర. తమ్ముడికి చెప్పే చేశాం, దాచిపెట్టి కాదు.

పరామర్శకి వచ్చి "నీకేం తక్కువరా?" అనే చుట్టాల్ని మాత్రం గుమ్మంలోనే ఆపేయండి. మా పెద్దమ్మతో ఇప్పటికీ మాటల్లేవు, ఫరవాలేదు.

మూడో రాత్రి వాడు పడుకోలేదు. సూటిగా అడిగాను, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమోనని అమ్మ భయం. అలా పుట్టదు. "అనిపిస్తోందక్కా" అన్నాడు, అని ఏడ్చాడు. అరుగు మీద కూర్చుని 14416కి చేశాం. అది టెలీ మానస్, మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడారు. వాళ్ళు చెప్పినట్టు వాడు క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాడు: బరువుగా అనిపిస్తే అరుగు మీదికి రావాలి, స్నేహితుడికి ఫోన్ చేయాలి, అక్కని లేపాలి, 14416. అది బీరువా తలుపు లోపల అతికించి ఉంది. ఇప్పటికి రెండుసార్లు నన్ను లేపాడు.

వచ్చే రివ్యూకి ఒక్కడినే వెళ్తానంటున్నాడు. నేనింకా ఒప్పుకోలేదు.