తోలు సీటు లెక్క: అట్టముక్క నుంచి 1,140 కిలోమీటర్ల దాకా

జనవరి, 0 కి.మీ. (ఈ లెక్క తోలు సీటు మీద తొక్కిన దూరానిది)

నాకు సైకిలు కొత్త కాదు, దూరం కొత్త. రాజమండ్రిలో పొద్దున్నే గోదావరి గట్టు మీద ధవళేశ్వరం దాకా వెళ్లి రావడం రెండేళ్లుగా అలవాటు. ఆ దూరానికి ఏ సీటయినా ఒకటే. ఆనకట్ట దాటి విజ్జేశ్వరం, అక్కణ్ణుంచి కొవ్వూరు, మళ్లీ రోడ్డు కం రైలు వంతెన మీదుగా ఇంటికి, ఇలా దాదాపు ముప్పై కిలోమీటర్ల చుట్టు తిరగడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసొచ్చింది. వంతెన మీద ఎన్ని అతుకులున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను, ఒక్కోటీ కింద గుచ్చుకుంటుంది కాబట్టి.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. మెత్తటి జెల్ కవరు కొని తొడిగాను. పది కిలోమీటర్లు హాయిగా ఉంది, ఇరవై దాటేసరికి తిమ్మిరి. మనం సీటు మీద కూర్చున్నప్పుడు బరువు మోయాల్సినవి పిర్రల లోపలి రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే అవి అందులోకి దిగిపోతాయి. అప్పుడు మధ్యలో ఉన్న జెల్ పైకి ఉబికి, నరాలూ రక్తనాళాలూ ఉండే కాళ్ల సందు భాగాన్ని నొక్కుతుంది. అంటే మెత్తదనం కోసం డబ్బులిచ్చి మరీ తిమ్మిరి కొనుక్కున్నాను.

అటక మీద నాన్నగారి పాత సైకిలు సీటు ఉంటే దించి చూశాను. వెనక రెండు చుట్ల స్ప్రింగులు, తోలు ఎండి పగిలి పడవలా వంగిపోయింది. అయినా వెనక భాగంలో వేలు పెట్టి తడిమితే రెండు గుంటలు తగులుతున్నాయి. ఇరవై ఏళ్లు ఆయన బడికి తొక్కుకుంటూ వెళ్లిన సైకిలు అది. అందులో స్పాంజీ లేదు, జెల్ లేదు. ముందు ముక్కుకీ వెనక ఇనప రేకుకీ మధ్య బిగించిన ఒక దళసరి తోలు ముక్క, అంతే. నులకమంచం లాంటి ఏర్పాటు. మంచానికి పరుపు అక్కర్లేదు, నులకే ఒంటి తీరుకి తగ్గట్టు దిగుతుంది. వదులైతే కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం. తోలు సీటుకి ఆ తాడు పని ముక్కు కింద ఉన్న నట్టు చేస్తుంది.

అప్పుడే అనుకున్నాను, తోలు సీటే కొనాలని. ఏది కొనాలన్నది వేరే సంగతి.

జనవరి చివర, ఇంకా 0 కి.మీ.

అట్టముక్కతో కొలత. ఫ్రిజ్ వచ్చిన పెట్టెలోంచి గళ్లున్న అట్ట కోసి గట్టి చెక్క స్టూలు మీద వేశాను. కాళ్ల కింద రెండు ఇటుకలు పెట్టుకుంటే మోకాళ్లు తుంటి కన్నా కాస్త పైకి లేస్తాయి. పల్చటి నిక్కరుతో కూర్చుని, కొంచెం ముందుకి వంగి రెండు నిమిషాలు ఉండి లేచాను. అట్ట మీద సుద్దముక్క అడ్డంగా రుద్దితే రెండు నొక్కులు తేటగా కనపడతాయి. ఒకదాని మధ్య నుంచి రెండోదాని మధ్యకి కొలవాలి. మూడు సార్లు చేస్తే 126, 128, 131 మిల్లీమీటర్లు వచ్చాయి. 128 అని రాసుకున్నాను.

ఇక్కడ ఒంటి లావుకీ ఈ కొలతకీ సంబంధం లేదు. నాకన్నా ఇరవై కిలోలు ఎక్కువున్న బావకి 115 వచ్చింది. ఆయన నమ్మలేదు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ 115.

ఫిబ్రవరి, మొదటి తప్పు

మిత్రుడి దగ్గర వాడకుండా పడున్న తోలు సీటు ఉంటే తెచ్చి బిగించాను. వెడల్పు 150. నా 128కి 150 చాలదా అనుకున్నాను. మామూలు సీటయితే బహుశా సరిపోయేదే. తోలు సీటులో మాత్రం వెనక అంచు కింద ఇనప రేకు ఉంటుంది, దాని మీదే రివెట్లు కొడతారు. అంచు నుంచి లోపలికి కొంత దూరం వరకు తోలు అసలు కిందికి దిగదు. ఎముకలు ఆ అంచు దగ్గర పడితే కూర్చున్నది తోలు మీద కాదు, ఇనుము మీద.

"ఐదొందల కిలోమీటర్లు ఓర్చుకో, అదే మెత్తబడుతుంది" అని మిత్రుడి సలహా. ఈ మాట చాలామంది చెప్తారు. నూట అరవై దాకా ఓర్చుకున్నాను. ఎడమ వైపు రివెట్టు తగిలే చోట సెగ్గడ్డ లేచింది. తోలు మెత్తబడుతుందేమో గానీ రివెట్టు మెత్తబడదు కదా! ఓపిక పట్టాల్సింది కొలత సరిపోయిన సీటు మీద మాత్రమే. సీటు తిరిగిచ్చేసి వారం రోజులు సైకిలు ముట్టుకోలేదు.

మార్చి, మళ్లీ 0 కి.మీ.

ఈసారి నా లెక్క ఇది: ఎముకల దూరానికి ఒక్కో వైపూ కనీసం రెండు సెంటీమీటర్లు కలపాలి. 128కి 40 కలిపితే 168. ఆ దగ్గర్లో ఉన్నది బ్రూక్స్ బీ17, వెడల్పు 175, పొడవు 275 మి.మీ. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనే ఆయన 1866లో బర్మింగ్‌హామ్‌లో తోలు సామాను వ్యాపారంగా మొదలుపెట్టిన కంపెనీ అది. సైకిలు సీటుకి పేటెంటు తీసుకున్నది 1882లో. బీ17 అనే రకం వందేళ్ల పైనుంచీ దాదాపు అదే ఆకారంలో వస్తోంది.

వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, కూర్చునే తీరు కూడా చూడాలి. నా హ్యాండిలు ఇంచుమించు సీటు ఎత్తులోనే ఉంటుంది, ఒళ్లు కాస్త ముందుకి వంగుతుంది. దానికి బీ17 సరిపోతుంది. నాన్నగారి సైకిలు మీదలా నిటారుగా కూర్చునేవాళ్లకి బరువంతా వెనకే పడుతుంది కాబట్టి ఇంకా వెడల్పుగా, స్ప్రింగులతో ఉండే బీ67 లాంటిది మేలు. హ్యాండిలు బాగా కిందికి ఉండే రేసు సైకిలుకి సన్నటి రకాలు వేరే ఉన్నాయి. తిమ్మిరి భయం ఉన్నవాళ్ల కోసం మధ్యలో కోత ఉన్న ఇంపీరియల్ కూడా ఉంది. నేను కోత వద్దనుకున్నాను. తిమ్మిరికి కారణం జెల్ కవరే అని అప్పటికే తేలింది.

బరువు అరకిలో పైనే. ఖరీదు నా సైకిలు ధరలో దాదాపు మూడో వంతు. ఈ రెండో సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

అమ్మ మాత్రం వేరే ప్రశ్న అడిగింది. "ఏం తోలురా అది?" చెప్పాను. తోలుకి రాసే ప్రూఫైడ్ డబ్బా మీద చదివితే అందులోనూ జంతువుల కొవ్వు, తేనెమైనం. "అయితే వసారాలోనే ఉంచు" అని తీర్పు. ఇలాంటి పట్టింపు గట్టిగా ఉన్న ఇళ్లకి అదే కంపెనీ కేంబియం సీటు చేస్తుంది. రబ్బరు మీద నూలు గుడ్డ ఉంటుంది. తోలు కాదు, వానకి భయం లేదు, అలవాటు పడాల్సిన పని కూడా తక్కువ. నేను ఎక్కి చూశాను. బాగానే ఉంది గానీ నాకు ఆ గుంటలు కావాలి.

మార్చి, 40 కి.మీ.

బిగింపు అనుకున్నంత తేలిక కాలేదు. తోలు సీటు కింది కడ్డీల నుంచి పైభాగం దాకా ఎత్తు ఎక్కువ. పాత సీటున్నప్పుడు పెడలు నుంచి సీటు పైకి టేపుతో కొలిచి రాసుకోబట్టి బతికిపోయాను, సీటు పోస్టు, అంటే సీటుని మోసే గొట్టం, రెండు సెంటీమీటర్లు దించాల్సి వచ్చింది.

ఇంకో చిక్కు, కడ్డీల్లో బిగించడానికి వీలైన తిన్నటి భాగం పొట్టిది. పూర్తిగా వెనక్కి జరిపినా నేను ముందుకే ఉండిపోయాను, బరువు చేతుల మీదికి వచ్చింది. వెనక్కి వంపు ఉన్న సీటు పోస్టు కావాలి. మా వీధి చివర మెకానిక్ బాబాయ్ దగ్గర 27.2 మి.మీ. లావులో, 25 మి.మీ. వెనక్కి వంపు ఉన్నది దొరికింది. ఒక బోల్టుది కాకుండా రెండు బోల్టులది అడగండి. ఒక బోల్టు దానికి లోపల పళ్లుంటాయి, వంపు మారిస్తే ఒక్క పన్ను జరుగుతుంది, అది ఎక్కువో తక్కువో అవుతుంది. రెండు బోల్టులదైతే ముందుది వదులు చేసి వెనకది బిగిస్తూ వెంట్రుకవాసి కూడా మార్చుకోవచ్చు.

ఏప్రిల్, 210 కి.మీ.

నెల రోజులు ముక్కు వంపుతోనే గడిచిపోయింది. తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, సీటు మీద చెక్కపేడు పెట్టి, కచ్చితంగా మట్టం చేశాను. తొక్కితే ముందుకి జారుతున్నాను. తోలు సీటు ఖాళీగా ఉన్నప్పుడు మట్టంగా కనపడ్డా, ఎక్కి కూర్చోగానే మధ్యలో దిగి ముందుకి వాలుతుంది. అందుకే ముక్కు కాస్త పైకి ఉండాలి. 275 మి.మీ. పొడవు మీద ముక్కు 5 మి.మీ. లేపితే దాదాపు ఒక డిగ్రీ. 5 పెట్టి ధవళేశ్వరం వెళ్లొచ్చాను, ఇంకా జారుతోంది. 12 పెడితే ముందు నొక్కుతోంది. 8 దగ్గర ఆగింది. చేతుల తిమ్మిరి ఆ రోజే పోయింది.

"ఏంటబ్బాయ్, సీటు ఆకాశం చూస్తోంది?" అన్నాడు మెకానిక్ బాబాయ్. ఎక్కి చూడమన్నాను. వీధి చివరి దాకా వెళ్లొచ్చి ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

ఏప్రిల్ చివర, 380 కి.మీ.

గుంటలు కనపడ్డాయి! గుంటలంటే పెద్ద మాట, నున్నగా మెరిసే రెండు నల్లటి మచ్చలు. ఏటవాలుగా వెలుతురు పడితేనే తెలుస్తాయి. టేపు పెట్టి కొలిస్తే మధ్య నుంచి మధ్యకి 127. అట్టముక్క అబద్ధం చెప్పలేదు.

సీటు కిర్రుమంటోంది. కొత్త కిర్రుచెప్పులేసుకుని ఎవరో వెనకాలే వస్తున్నట్టుంటుంది. తాతగారి కాలంలో చెప్పులకి ఆముదం పట్టించేవాళ్లని గుర్తొచ్చి చేతిలోకి సీసా కూడా తీసుకున్నాను. మంచిదయ్యింది, ఆగాను. చెప్పు మెత్తబడాలి. సీటు మాత్రం బిగువు మీదే నిలబడాలి. నూనె పీల్చుకున్న తోలు త్వరగా సాగి ఊయలైపోతుంది. ప్రూఫైడ్ కూడా కొత్తలో పైనా కిందా ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి పల్చగా చాలు. కిర్రు తోలుది కాదని తర్వాత తేలింది, కడ్డీలు బిగించిన చోట మట్టి చేరింది. తుడిచి కాస్త గ్రీజు రాస్తే నోరు మూసుకుంది.

మే, 640 కి.మీ.

ఎండ. ఐదింటికే బయల్దేరినా చెమట. లేత రంగు నిక్కరుకి సీటు రంగు అంటుకుంది, ఉతికినా పోలేదు. నలుపు వేసుకోండి. జీన్స్ మాత్రం వద్దు, మధ్య కుట్టు ఎంత మంచి సీటునైనా చెడగొడుతుంది.

కడియపులంక నర్సరీల వైపు వెళ్లి వచ్చిన రోజు ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది, ఈ రోజు సీటు సంగతే తలుచుకోలేదని.

జులై, 870 కి.మీ.

తడిసింది. కడియం నుంచి వస్తుంటే వాన. జేబులో ప్లాస్టిక్ కవరు ఉంది, పైన తొడిగాను, ఇంక భయం లేదనుకున్నాను. నీళ్లు కింద నుంచి వచ్చాయి. వెనక మడ్‌గార్డు లేని సైకిలు, చక్రం చిమ్మిన నీళ్లన్నీ సీటు అడుగున పడ్డాయి. పైన మెరుగు ఉంటుంది, అడుగున పచ్చి తోలు, స్పాంజీలా పీల్చేస్తుంది. తడి తోలు మీద కూర్చుంటే సాగిపోతుంది కాబట్టి వీలైనంత దూరం నిలబడే తొక్కాను. ఇంట్లో పాత పేపర్లతో అద్ది, ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరబెట్టాను. ఎండలో పెట్టకూడదు, బిరుసెక్కి పగులుతుంది. మర్నాడే మడ్‌గార్డు వేయించాను, 350 రూపాయలు. మార్చిలోనే చేయాల్సిన పని.

తర్వాత పది రోజులు ముసురు, సైకిలు వసారాలోనే. తీసి చూస్తే సీటు అడుగున తెల్లటి బూజు. గోదావరి పక్కన ఊళ్లలో తోలు పెట్టుకుంటే ఇది తప్పదు, బెల్టులకీ ఇదే గతి. పొడి గుడ్డతో తుడిచి, గాలి తగిలే చోట ఉంచి, ఆరాక అడుగున పల్చగా ప్రూఫైడ్ రాశాను. ఇప్పుడు తొక్కినా తొక్కకపోయినా వారానికోసారి గుడ్డ పెట్టి తుడుస్తున్నాను.

సెప్టెంబరు, 1,140 కి.మీ.

ద్రాక్షారామం వెళ్లొచ్చాను, రానూపోనూ దాదాపు వంద. గుళ్లోకి వెళ్తూ సీటుకి కవరు తొడిగి తాడు కట్టాను, కోతులకి అది పొట్లంలా కనపడిందేమో, వచ్చేసరికి కవరు చింపి ఉంది. సీటు జోలికి పోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎనభై దాటాక మోకాళ్లు నొప్పెట్టాయి, మెడ నొప్పెట్టింది. కింద ఏమీ లేదు.

గుంటలు ఇప్పుడు వేలికి తగులుతున్నాయి, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు. బిగువు ఇంకా బాగానే ఉంది: మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త దిగి తిరిగి లేస్తోంది, పక్క రెక్కలు విచ్చుకోలేదు. అవి విచ్చుకున్నప్పుడే నట్టు ముట్టుకోవాలి, అదీ ఒకసారికి పావు చుట్టు. ఊరికే బిగిస్తూ పోతే తోలు మధ్యలో గట్టు లేస్తుంది. సీటుతో వచ్చిన పానా ఇంకా కవర్లోనే ఉంది.

నిన్న వదిన అడిగింది, "మరిదీ, నాకూ ఒకటి చూసిపెట్టవా?" అని. ఆవిడది బుట్ట ఉన్న సైకిలు, నిటారుగా కూర్చుంటుంది, మార్కెట్టుకీ బ్యాంకుకీ వెళ్తుంది. అట్టముక్క మీద కూర్చోబెట్టాను, 142 వచ్చింది. నా లెక్కకి 182 అవుతుంది, అంటే బీ17 కుదరదు. స్ప్రింగులున్న బీ67 రెండొందలు దాటుతుంది కాబట్టి అదే చూస్తున్నాం. కొనే ముందు ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి ఎక్కించాలి. కాకినాడలో ఒకాయన దగ్గర ఉందట, ఆదివారం వెళ్తాం.