వెలుగు ముందు, తుపాను తరువాత

సౌర జ్వాల, భూ అయస్కాంత తుపాను అనే మాటలను వార్తల్లో ఒకే అర్థంలో వాడేయడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. జాగ్రత్తపడడానికి మనకు దొరికే గడువంతా ఆ రెంటి మధ్య ఉన్న తేడాలోనే ఉంది.

సూర్య మచ్చల పైన మెలితిరిగిన అయస్కాంత రేఖలు తెగి మళ్లీ ముడిపడేటప్పుడు పుట్టే మెరుపే సౌర జ్వాల. దాని ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాలకు పైచిలుకు సమయంలో భూమిని చేరి, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియోను కాసేపు మూగబోయేలా చేస్తాయి. మనం చూసేసరికే అది వచ్చేసి ఉంటుంది. తుపాను సంగతి వేరు. కొన్ని జ్వాలలతో పాటు సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా నుంచి వందల కోట్ల టన్నుల ప్లాస్మా, అంటే విద్యుదావేశం నిండిన వాయువు, తన అయస్కాంత క్షేత్రాన్ని వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. అది వచ్చి భూ అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడమే తుపాను. మన దాకా రావడానికి దానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులోని రెడ్‌హిల్‌లో ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ కారింగ్టన్ దూరదర్శిని నుంచి తెర మీద పడిన సూర్యబింబాన్ని చూసి మచ్చల బొమ్మ గీస్తుండగా, ఒక పెద్ద మచ్చల గుంపు మీద రెండు తెల్లని వెలుగులు కనిపించాయి. సాక్షి కోసం పరుగెత్తి నిమిషంలోపే తిరిగి వచ్చేసరికి అవి బాగా సన్నగిల్లాయి. అలా కాగితం మీద బింబాన్ని పట్టి, అది భూభ్రమణంతో పక్కకు జారిపోతుంటే కాగితాన్ని జరుపుకుంటూ మచ్చల అంచులను పెన్సిల్‌తో గీసిన నాకు, ఆ ఒక్క నిమిషం ఆయనకు ఎంత విలువైనదో తెలుసు. సుమారు పదిహేడున్నర గంటల తరువాత తుపాను భూమిని తాకింది. అమెరికాలోని బోస్టన్, పోర్ట్‌లాండ్ నగరాల టెలిగ్రాఫ్ ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, తీగల్లోకి దానంతట అదే వచ్చిన విద్యుత్తుతోనే రెండు గంటల పాటు సందేశాలు పంపుకున్నారు.

ఆ విద్యుత్తు ఎక్కడిదంటే, భూ అయస్కాంత క్షేత్రం వేగంగా ఊగిసలాడినప్పుడు నేలలోనూ, నేల మీది పొడవాటి తీగల్లోనూ ప్రవాహం పుడుతుంది. కెనడాలోని క్విబెక్ కింద ఉన్న పురాతన శిలలు విద్యుత్తును సరిగా పోనివ్వవు గనుక, 1989 మార్చి 13 తెల్లవారుజామున ఆ ప్రవాహం విద్యుత్ లైన్లను దారిగా చేసుకుంది. సుమారు తొంభై సెకన్లలో వ్యవస్థ మొత్తం కుప్పకూలి, 60 లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలు చీకట్లో ఉండిపోయారు.

ఇక్కడ అసలు చిక్కు దిశది. వచ్చే ప్లాస్మా అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే భూ క్షేత్రంతో ముడిపడి శక్తిని లోపలికి కుమ్మరిస్తుంది. ఉత్తరానికి తిరిగి ఉంటే చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. ఆ దిశ సూర్యుడిని చూస్తే తెలియదు. భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 బిందువు అనే చోట కాపలా ఉన్న ఉపగ్రహాలను ప్లాస్మా దాటినప్పుడే ఖాయంగా తెలుస్తుంది. సెకనుకు 800 కిలోమీటర్ల వేగమైతే అక్కడి నుంచి మనకు మిగిలేది అరగంట. 1859 నాటి వేగంతో వస్తే పది నిమిషాలే. మరమ్మతుకు ఆపిన లైన్లను తిరిగి కలపడం, దూర ప్రాంతాలకు పంపే విద్యుత్తును తగ్గించడం, ట్రాన్స్‌ఫార్మర్ల వేడిని కనిపెట్టుకుని ఉండడం వంటి పనులన్నీ విద్యుత్ వ్యవస్థను నడిపే కంట్రోల్ రూమ్ సిబ్బంది ఆ వ్యవధిలోనే ముగించాలి.