మద్రాసు వస్తే ఎగ్మూరు మ్యూజియం చూడకుండా వెళ్ళకండి

మా ఇంటికి ఎవరొచ్చినా మొదట మెరీనా బీచ్ అంటారు, తర్వాత టీ నగర్‌లో చీరలు, టైముంటే కపాలీశ్వరుడి గుడి. అన్నీ నేనే దగ్గరుండి తిప్పుతాను. కానీ 1953 దాకా మనకీ రాజధాని ఇదే కదా, చెన్నపట్నం అన్న పేరే దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందంటారు, అలాంటి ఊళ్ళో మనవాళ్ళ గుర్తులు ఒక్కటీ చూడకుండా రైలెక్కేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పోయిన నెల అమరావతి నుంచి మా బాబాయి కళ్ళు చూపించుకోడానికి వచ్చాడు. రిపోర్టులకి ఒకరోజు ఆగమన్నారు, సరే పద అని ఎగ్మూరు తీసుకెళ్ళాను. "ఈ ఎండలో బొమ్మలు చూడ్డానికా" అని ఆటోలో గొణుగుతూనే ఉన్నాడు. అమరావతి శిల్పాల గదిలోకి వెళ్ళాక మాట ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా, "ఒరే, ఇవి మా దీపాలదిన్నె రాళ్ళే కదరా!" అన్నాడు.

అవే. అమరావతి బౌద్ధస్తూపం ఉన్న దిబ్బనే అక్కడివాళ్ళు దీపాలదిన్నె అంటారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరాయి, వాటిలో చాలావరకు 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇక్కడున్నవాటిలో బుద్ధుణ్ణి చంపడానికి వదిలిన నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన ఫలకం ముందు మాత్రం కనీసం పది నిమిషాలు నిలబడండి. గుండ్రటి పలక, పల్నాటి సున్నపురాయి. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి ఒక మనిషిని తొండంతో పట్టుకుంది, జనం చెల్లాచెదురవుతున్నారు, పైన మేడల్లోంచి ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. కుడివైపుకి వచ్చేసరికి అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. సినిమా రీలు తిరిగినట్టు రెండు క్షణాలూ ఒక్క రాతి మీదే! సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట మన కృష్ణ ఒడ్డున చెక్కారు దీన్ని.

జార్జి కోట, హైకోర్టు ఎర్ర భవనం ఆటోలోంచే చూపించేసి, సాయంత్రం మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీదున్న పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి వెళ్ళాం. 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ఆయన ప్రాణం వదిలింది అక్కడే. బయట హారన్ల మోత, లోపల మేమిద్దరమే. బాబాయి గుమ్మంలోనే చెప్పులు విప్పి, గుడికెళ్ళినట్టు వెళ్ళి దండం పెట్టాడు.

వచ్చేసారి పిన్నిని కూడా తీసుకొస్తాడట. శుక్రవారం మాత్రం రావద్దన్నాను, ఆ రోజు మ్యూజియానికి సెలవు.