అందరి పల్సూ 72

పొద్దున్నే ఒకటే వాన. చైతన్యపురిలో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగేసరికి రైల్వే బ్రిడ్జి కింద అప్పటికే నీళ్ళు నిలిచాయి, బస్సులన్నీ ఎక్కడివక్కడే, ప్రాక్టికల్స్ పెట్టుకున్న రోజే సగం మంది పిల్లలు లేటు. తొమ్మిదిన్నరకి మొదలవ్వాల్సింది పదిన్నర దాటింది.

మా కోర్సులో అందరూ బైపీసీ చదివొచ్చినవాళ్ళే. కొందరికి నర్సింగ్ అంటే ఇష్టం, కొందరు ల్యాబ్ టెక్నీషియన్ అంటారు, ఇద్దరు డయాలసిస్ వైపు పోతామంటున్నారు, ఇంకా ఏదీ తేల్చుకోనివాళ్ళూ ఉన్నారు. మొదటి వారం పెట్టిన పేపర్నే మొన్న మళ్ళీ పెడితే అందరికీ మార్కులు బాగా పెరిగాయి, ప్రిన్సిపాల్ సార్ గ్రాఫ్ వేసిమ్మంటే వేసిచ్చా. కానీ పేపర్ మీద వచ్చింది చేతికి వచ్చిందా అన్న దిగులు మాత్రం పోలేదు, ఎందుకంటే వాళ్ళ రికార్డులు దిద్దుతుంటే అందరి పల్సూ 72, అందరి బీపీ 120/80. ముప్పై మంది గుండెలు ఒకేలా ఎలా కొట్టుకుంటాయి?

అందుకే ఈరోజు ఓస్కీ పద్ధతిలో పెట్టా. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ వాళ్ళు మెడికల్ స్టూడెంట్స్ కోసం తెచ్చిన పద్ధతి అది, టేబుల్‌కో పని, బెల్ కొట్టగానే పక్క టేబుల్‌కి పోవాలి, చూసేవాళ్ళ చేతిలో చెక్‌లిస్ట్ ఉంటుంది. మేం నాలుగు టేబుళ్ళే వేసుకున్నాం. చేతులు కడగడం బానే చేశారు, బొమ్మ మీద సీపీఆర్ కూడా ఫర్వాలేదు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కదా, కొందరు కంగారులో మరీ స్పీడుగా నొక్కేశారు అంతే.

పల్స్ దగ్గర నేనే కూర్చున్నా. వాళ్ళు ఒక చేతికి చూస్తుంటే నేను ఇంకో చేతికి చూశా, నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలని ముందే చెప్పా. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే 72, 76, 80 ఇలాగే వస్తాయి, 73 రానే రాదు. కాబట్టి ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే పిల్లాడు 73 అని రాసినప్పుడు నాకెంత సంతోషమేసిందో, నా లెక్క 74, అయినా వాడు నిమిషమంతా కూర్చుని లెక్కపెట్టాడు.

బీపీ దగ్గర మా ఆయమ్మ పేషెంట్. రెండు జతల గొట్టాలుండే టీచింగ్ స్టెత్ పెట్టాం కాబట్టి పిల్లలకి వినిపించేదే నాకూ వినిపిస్తుంది. మొన్న పేపర్లో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయి వచ్చింది, కుర్చీకి ఆనుకుని కూర్చోమంది, కాళ్ళు నేలకి ఆనించమంది, చెయ్యి గుండె ఎత్తులో పెట్టింది, మాట్లాడొద్దంది, చేతికి చుట్టే కఫ్ సైజు కూడా చూసింది, చెక్‌లిస్ట్‌లో ఒక్క టిక్ తప్పలేదు. గాలి వదులుతుంటే నాకు 158 దగ్గర మొదటి శబ్దం వినిపించింది, 94 దగ్గర ఆగిపోయింది, అంటే బీపీ 158/94. ఆ అమ్మాయి 120/80 అని రాసింది.

కోపం రాలేదు, భయమేసింది. ఆయమ్మకి బీపీ ఉంది, పొద్దున వాన కంగారులో గోలీ కూడా వేసుకోలేదట. ఇదే వార్డులో అయితే ఆ 120/80 చూసి అందరూ బాగుందనుకుని వెళ్ళిపోతారు కదా. నా చెక్‌లిస్ట్ ప్రకారం మాత్రం ఆ పిల్లకి పదికి పది.

ఆ తర్వాత వచ్చిన సైదాబాద్ పిల్ల కఫ్ కొంచెం వంకరగా చుట్టింది, గాలి గబగబా వదిలేసింది, ప్రెషర్ సెకనుకి 2 మిల్లీమీటర్ల చొప్పున దిగాలని ఎన్నిసార్లు చెప్పానో. రాయడానికి పెన్ను తీసి ఆగిపోయి, "మేడం నాకు వినిపించలేదు, పెద్దమ్మ ఒక నిమిషం రెస్ట్ తీసుకున్నాక మళ్ళీ చూడనా" అంది. ఆ మాటకి మార్కులు వేయడానికి నా షీట్‌లో గడే లేదు! టైమ్ అయిపోయి బెల్ కొట్టేశారు, పాపం పదికి అయిదు వచ్చింది.

వైద్య విద్య మీద పనిచేసిన జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన పిరమిడ్‌లో తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపించడం, అన్నిటికంటే పైన నిజంగా పనిలో చేయడం ఉంటాయి. నేను టేబుళ్ళు వేసి కొలిచేది మూడో మెట్టు వరకే. ఎవరూ చూడనప్పుడు ఈ పిల్లలు ఏం రాస్తారన్నది నాకు కావాలి, దానికి కొంచెమైనా దగ్గరగా వచ్చింది ఆ "వినిపించలేదు" అన్న మాటే. తప్పు మాదే, ఏడాదంతా రికార్డుల్లో 120/80కి టిక్కులు కొట్టింది మేమే, తెలియలేదని చెప్తే మార్కులు కోసిందీ మేమే.

మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ ముందు పెట్టుకునే షీట్ మార్చా. రాసిన నంబర్ నేను విన్నదానికి 4 లోపు ఉంటే రెండు మార్కులు, వినిపించలేదని చెప్పి మళ్ళీ చూస్తే కూడా రెండు, దానికి టైమ్ కూడా రెండు నిమిషాలు పెంచా. ఆయమ్మని ముందు గోలీ వేసుకుని రమ్మని ఇంటికి పంపించి, రేపటికి మా ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగా.

నాలుగింటికి ఆ 120/80 అమ్మాయిని పిలిచి తలుపేసి నా చెయ్యే ఇచ్చా. తిట్టలేదు, ఏం వినిపిస్తే అదే చెప్పమ్మా అన్నా. మొదటిసారి ఏం వినిపించలేదంది, కళ్ళల్లో నీళ్ళు. స్టెత్ కొంచెం లోపలివైపు జరిపించా. మూడోసారికి చాలాసేపు ఆగి, "128... కాదు మేడం, 126 ఏమో" అంది.