కూలింది, కూల్చారు, కూల్చబడింది

మన సంచికకి ఏదైనా రాయమనగానే నాకు మన తెలుగు మాస్టారి వ్యాకరణం క్లాసే గుర్తొచ్చింది. వ్యాకరణం అంటే మీలో చాలామందికి సంధులు, సమాసాలు బట్టీ పట్టడం, రెండు మార్కుల ప్రశ్నలు, అంతే గుర్తుండొచ్చు, కానీ ఆయన దాంతో చేయించిన పని వేరు.

బోర్డు మీద మూడు వాక్యాలు రాశారు. వంతెన కూలింది. వంతెన కూల్చారు. వంతెన కూల్చబడింది. జరిగింది ఒకటే అయినప్పుడు రాసేవాడు ఈ మూడింట్లో ఒకదాన్నే ఎందుకు ఎంచుకుంటాడో చెప్పమన్నారు. పీరియడ్ అంతా దాని మీదే గడిచిపోయింది. మొదటిది అకర్మక క్రియ, వంతెన దానంతట అదే పడిపోయినట్టు ఉంటుంది, చేసినవాళ్ళ ఊసే రాదు. రెండోదాంట్లో కర్త కనపడకపోయినా చివర ఉన్న ఆ ‘ఆరు’ ఎవరో మనుషులు చేశారని పట్టిచ్చేస్తుంది. మూడోది కర్మణి వాక్యం, మామూలుగా మాట్లాడుకునేటప్పుడు మనం ఎవరం అలా అనం, ఎవరు చేశారో చెప్పకుండా దాటేయాలనుకునే ప్రకటనలకి అది బాగా పనికొస్తుంది. కర్త లేకపోతే రాసినవాడికి తెలీదా, అక్కర్లేదా, చెప్పడం ఇష్టం లేదా, అది వెతకండ్రా అనేవారు. నేను ఇప్పటికీ పేపర్ చదివేటప్పుడు ముందు కర్త కోసమే చూస్తాను.

చేదర్థకం (‘అలా అయితే’ అనే షరతు చెప్పే రూపం), అప్యర్థకం (‘అలా అయినా సరే’ అనే రూపం) కూడా అంతే, ‘అడిగితే ఇస్తాడు’, ‘అడిగినా ఇవ్వడు’ అని పక్కపక్కన రాస్తే ఇద్దరు మనుషులు కళ్ళముందు నిలబడతారు.

రచయిత ఎందుకు రాశాడు అనే ప్రశ్నకి గైడుల్లో ఎప్పుడూ ఒకటే జవాబు, సమాజాన్ని మేల్కొల్పడానికి అని, ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది, అందుకే అది జవాబే కాదని నా అభిప్రాయం. మాస్టారు మాత్రం కన్యాశుల్కం 1897 నాటి ముందుమాట గురించి చెప్పారు. గురజాడ అందులో సంఘ సంస్కరణతో పాటు ఇంకో కారణం కూడా చెప్పుకున్నారు, తెలుగు నాటకానికి పనికిరాదనే అపోహని పోగొట్టడం. ఆ రెండోది మనసులో పెట్టుకుని పాత్రల మాటల్లో క్రియల చివర్లు చూడండి అన్నారు. చూస్తే నిజంగానే, పుస్తకాల భాష కాదు, ఎవరి నోట్లో మాట వాళ్ళదే, ఒకళ్ళ డైలాగు ఇంకొకళ్ళకి పెడితే అతకదు. ముందుమాటలో చెప్పిన కారణం వాక్యంలో కంటికి కనిపించడం నాకు అదే మొదటిసారి, ఆ సంతోషం ఇంతవరకు తగ్గలేదు.

మన బ్యాచ్‌లో ఎవరి దగ్గరైనా ఆయన క్లాసు నోట్సు ఉంటే దయచేసి పారేయొద్దు, ఫోటోలు తీసి పంపండి, ముఖ్యంగా ఆ జంట వాక్యాలున్న పేజీలు, అన్నీ ఒకచోట చేర్చే పని నేను చూసుకుంటాను.